సరిహద్దు పోలేదు, సముద్రంలోకి జరిగింది: బ్రిటన్‌లో ఓటున్న తెలుగువారికి బహిరంగ లేఖ

బ్రిటన్‌లో ఓటు హక్కున్న తెలుగువారందరికీ నమస్కారం.

ఈ మధ్య బర్మింగ్‌హామ్‌లో మా బావగారింట్లో భోజనాలకు కలిశాం. పదిమందిమి ఉన్నాం. అందరూ చదువుకున్నవాళ్లే, పదిహేనేళ్లకు పైగా ఈ దేశంలో పన్నులు కడుతున్నవాళ్లే. మాటల్లో బ్రెగ్జిట్, అంటే ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ బయటకు రావడం, వచ్చింది. "ఆ ఐర్లండ్ గొడవ ఒక్కటి లేకపోతే ఈపాటికి పూర్తిగా బయటపడి బాగుపడి ఉండేవాళ్లం" అన్నారు ఒకాయన. సగంమంది తలలూపారు. నేను ఏమీ అనలేకపోయాను. అతిథిగా వెళ్లిన ఇంట్లో వాదన పెట్టుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను. ఆ మాట మాత్రం విమానం ఎక్కేదాకా నన్ను వదల్లేదు. ఎందుకంటే నేను ఉండేది ఆ "గొడవ"లోనే. బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌లో న్యూరీ మా ఊరు. అక్కడి నుంచి పది నిమిషాలు కారు నడిపితే ఐర్లండ్ రిపబ్లిక్‌తో సరిహద్దు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబును ఇప్పుడు ఈ ఉత్తరంలో రాస్తున్నాను.

2016 జూన్ 23న నేనూ ఓటేశాను. అప్పటికి నేను ఈ దేశానికి వచ్చి ఏడేళ్లయింది, చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టే. అయినా కామన్వెల్త్ దేశపు పౌరురాలిని కాబట్టి నాకు ఓటుంది. నాకంటే ముందునుంచీ మా గోదాములో పనిచేస్తున్న పోలండ్ అమ్మాయికి లేదు. తన బతుకును తేల్చే ఓటు నా చేతిలో ఉంది, తన చేతిలో లేదు. చీటీ మీద రెండే గడులు: ఐరోపా సమాఖ్యలో కొనసాగాలా, బయటకు రావాలా. దారంతో కట్టిన పెన్సిలుతో ఒక గడిలో గుర్తు పెట్టాలి. ఆ చీటీలో సరిహద్దు అన్న మాట లేదు, ఐర్లండ్ అన్న మాట లేదు. నేను కొనసాగాలనే గుర్తు పెట్టాను. ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం మంది అదే కోరారు. దేశం మొత్తం మీద 51.9 శాతం మంది బయటకు రావాలన్నారు.

అలా ఓటేసిన మనవాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల మనసులో ఏముందో నాకు తెలుసు, మా ఇంట్లోనే విన్నాను కాబట్టి. ఐరోపా నుంచి ఎవరైనా సంచి భుజాన వేసుకుని వచ్చి మరునాటి నుంచి పనిలో చేరవచ్చు. మన తమ్ముడికి మాత్రం బ్యాంకు కాగితాలు, ఇంగ్లిషు పరీక్ష, స్పాన్సరు, వేలకు వేలు ఫీజులు. ఇదేం న్యాయం అన్న ప్రశ్నలో బలం ఉంది. ప్రీతి పటేల్ వంటి నాయకులు ఆ బాధనే పట్టుకున్నారు. ఐరోపా తలుపు మూస్తే మన దేశాల వంటవాళ్లకు తలుపు తెరుచుకుంటుందని, కర్రీ రెస్టారెంట్లు బతుకుతాయని ప్రచారం చేశారు. తలుపు కొంతకాలం తెరుచుకున్న మాట కూడా నిజం. 2021 నుంచి పాయింట్ల పద్ధతి వచ్చింది, చదువు పూర్తయ్యాక పనిచేసుకునే వీసా వచ్చింది, నర్సులకూ సంరక్షకులకూ దారి దొరికింది. 2023 మధ్య నాటికి ఏడాది నికర వలస 9 లక్షలు దాటింది. ఆ తర్వాత ఏమైందో మీకు నేను చెప్పాలా? 2024 ఏప్రిల్‌లో వీసా జీతం హద్దును 38,700 పౌండ్లకు, 2025 జులైలో 41,700 పౌండ్లకు పెంచారు. సంరక్షకులు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు, ఆ తర్వాత విదేశాల నుంచి సంరక్షకుల నియామకమే ఆపేశారు. ఆరోగ్య సర్‌చార్జీ 2015లో ఏడాదికి 200 పౌండ్లు, ఇప్పుడు 1,035. ఐరోపావాళ్లు వెళ్లిపోతే మనకు చోటు దొరుకుతుందన్న లెక్క ఎక్కడ తప్పిందంటే, ఆ ఓటు వేయించిన కోపం ఐరోపావాళ్ల మీద మాత్రమే కాదు. వచ్చేవాళ్లందరి మీదా.

సరే, అది మనవాళ్ల వీసాల సంగతి. నేను రాయాలనుకున్నది సరుకు గురించి, గీత గురించి.

మా నాన్న గుంటూరులో మిర్చి వ్యాపారం చేసేవారు. చెన్నైకి లారీ పంపితే తడ దగ్గర చెక్‌పోస్టు దాటాలి. రాత్రి ఎనిమిదింటికి చేరిన లారీ తెల్లవారుజామున కదిలిన రోజులున్నాయి. వే బిల్లులో ఒక అంకె సరిగా కనపడకపోతే డ్రైవరు ఊళ్లో ఉన్న నాన్నకు ఫోను చేసేవాడు, నాన్న నిద్రలేచి ఎవరెవరికో ఫోన్లు చేసేవారు. కట్టాల్సిన పన్ను ముందే కట్టేసినా ఆగక తప్పేది కాదు. కట్టామని చూపించుకోవడానికే ఆగాలి. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాల సరిహద్దుల్లో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు. జీఎస్టీ గురించి నాన్నకు వంద ఫిర్యాదులున్నాయి, కానీ "తడ దగ్గర లారీ ఆగడం లేదమ్మా" అని ఫోనులో చెప్పినప్పుడు ఆయన గొంతులో ఉన్న తేలికదనం నాకింకా గుర్తుంది.

వాణిజ్య కూటమి అంటే ఏమిటో నేను పుస్తకాల్లో కాదు, ఆ ఫోనులో నేర్చుకున్నాను. సుంకం సున్నా చేయడం చిన్న పని. లారీ ఆగాల్సిన అవసరమే లేకుండా చేయడం పెద్ద పని. దానికి రెండు వైపులా ఒకే నిబంధనలు ఉండాలి, ఒకరి తనిఖీని మరొకరు నమ్మాలి, తగాదా వస్తే తీర్చడానికి ఒక కోర్టు ఉండాలి. 1993 జనవరి 1న ఐరోపా ఉమ్మడి మార్కెట్ మొదలైనప్పుడు జరిగింది అదే. 2020 డిసెంబర్ 24న బ్రిటన్ కుదుర్చుకున్న ఒప్పందంలో సుంకాలు సున్నాయే, కోటాలూ లేవు. దాన్నే మన నాయకులు ఘనంగా చెప్పుకున్నారు. కానీ లారీ ఆగుతుంది. కస్టమ్స్ డిక్లరేషను కావాలి. ఆ వస్తువు ఎక్కడ పుట్టిందో రుజువు కావాలి. పాలు, మాంసం, చేపల సరుకైతే పశువైద్యుడు సంతకం పెట్టిన ఆరోగ్య ధ్రువపత్రం ప్రతి లోడుకూ కావాలి. అటునుంచి ఇటు వచ్చే సరుకు మీద తనిఖీలను బ్రిటన్ పదేపదే వాయిదా వేసింది, చివరికి 2024 ఏప్రిల్ 30న మొదలుపెట్టింది. డోవర్ మీదుగా వచ్చే మొక్కలు, ఆహార పదార్థాల మీద ఒక్కో రకానికి గరిష్ఠంగా 29 పౌండ్లు, ఒక్కో లోడుకు 145 పౌండ్ల వరకు రుసుము. పెద్ద సూపర్‌మార్కెట్టుకు అది లెక్కలోకి రాదు. రెండు పెట్టెల చీజు తెప్పించుకునే చిన్న దుకాణదారుడికి ఆ వారం లాభం అంతా అదే.

పెద్ద లెక్క కావాలంటే అదీ ఉంది. ప్రభుత్వ బడ్జెట్ అంచనాలను చూసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్ ఏళ్ల తరబడి ఒకే మాట చెబుతోంది: సమాఖ్యలోనే ఉండి ఉంటే ఎంత ఉండేదో దానితో పోలిస్తే దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుంది, ఎగుమతి దిగుమతులు రెండూ 15 శాతం తగ్గుతాయి. ఇది రాత్రికి రాత్రి కూలిపోయే ఇల్లు కాదు. అందుకే "ఏమైంది, ఏమీ కాలేదుగా" అనడం సులువవుతోంది. రోజూ గిద్దెడు కారే కుండలాంటిది ఇది. కుండ పగిలినప్పుడు అందరూ చూస్తారు, కారేటప్పుడు నీళ్లు మోసే ఆవిడకే తెలుస్తుంది.

అటువైపు వచ్చిన లాభాన్ని దాచను. స్వతంత్రంగా ఒప్పందాలు చేసుకునే వీలు వచ్చింది. 2025 జులై 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందం మీద సంతకాలు జరిగాయి, సమాఖ్యలో ఉంటే బ్రిటన్ సొంతంగా ఆ పని చేయగలిగేది కాదు. అది మనకు దగ్గరి విషయం. మన కోస్తా రొయ్యల మీద ఇక్కడి సుంకం పోతుంది. భారత్ నుంచి తాత్కాలికంగా వచ్చే ఉద్యోగులు కొంతకాలం రెండుచోట్లా సామాజిక భద్రత చందా కట్టక్కర్లేదు, మన ఐటీ పిల్లలకు అది మంచి ఊరట. 2025లో అమెరికా సుంకాలు వేసినప్పుడు ఐరోపా సరుకులో ఎక్కువ భాగం మీద 15 శాతం పడితే బ్రిటన్ మీద 10 శాతమే పడింది. ఇవన్నీ నిజాలే. కానీ త్రాసులో వేసి చూడండి. భారత్ ఒప్పందం వల్ల దీర్ఘకాలంలో బ్రిటన్ జీడీపీ 0.13 శాతం పెరుగుతుందని బ్రిటన్ ప్రభుత్వమే లెక్కగట్టింది. పసిఫిక్ దేశాల కూటమిలో చేరినందుకు మరో 0.08 శాతం. ఈ పళ్లెంలో 0.21, ఆ పళ్లెంలో 4. నేను అకౌంట్లు రాసుకునే మనిషిని. ఈ రెండంకెలను పక్కపక్కన పెట్టినప్పుడు నాకు భావజాలం ఏదీ కనపడదు, తీసివేత కనపడుతుంది. వచ్చిన లాభాన్ని సంతోషంగా చెప్పుకుందాం, పోయినదాన్ని కూడా అదే గొంతుతో చెప్పుకుందాం.

ఇక మా గీత సంగతి.

అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలం పంచుకోవడం పెద్ద కష్టం కాదు. గట్టు వేస్తే అయిపోతుంది. కష్టమంతా బావి దగ్గర వస్తుంది. బావి ఒకరి వాటాలో పడుతుంది, నీళ్లు ఇద్దరికీ కావాలి. ఉత్తర ఐర్లండ్ అలాంటి బావి.

1921లో ఐర్లండ్‌ను రెండు చేశారు: ఉత్తరం బ్రిటన్‌లో ఉండిపోయింది, దక్షిణం వేరే దేశమైంది. 1923 ఏప్రిల్ 1న గీత వెంబడి కస్టమ్స్ పోస్టులు వెలిశాయి. దాదాపు 500 కిలోమీటర్ల ఆ గీత పొలాల మధ్యనుంచి, వాగుల మధ్యనుంచి, కొన్నిచోట్ల ఇళ్ల పక్కనుంచే పోతుంది. దాన్ని దాటే రోడ్లు 200కు పైగా ఉన్నాయి. మా గోదాములో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు చెబుతుంటారు: యుద్ధకాలంలో వాళ్లమ్మ కోటు లోపల వెన్న ముద్దలు దాచుకుని ఈ దరి నుంచి ఆ దరికి నడిచేదట. ఆయన ఆ కథ చెప్పేటప్పుడు నవ్వుతారు. డెబ్బైల నాటి కథలు చెప్పేటప్పుడు నవ్వరు. 1972 ఆగస్టు 22న న్యూరీ కస్టమ్స్ కార్యాలయంలో బాంబు పేలి 9 మంది చనిపోయారు. లారీ డ్రైవర్లు, గుమస్తాలు, బాంబు తెచ్చినవాళ్లు కూడా. ఆ గుమస్తాలు నాలాగా కాగితాలు రాసుకునే మనుషులు. ఆ రోజుల్లో చిన్న రోడ్లను సైన్యం గోతులు తవ్వి, కాంక్రీటు దిమ్మెలు వేసి మూసేసింది. ఆవలి పొలానికి వెళ్లాలంటే రైతు మైళ్లు చుట్టి రావాలి. కొండల మీద కాపలా బురుజులుండేవి. ఐర్లండ్ ఒకటి కావాలనేవాళ్లకూ బ్రిటన్‌లోనే ఉండాలనేవాళ్లకూ మధ్య ముప్పై ఏళ్లు సాగిన ఆ హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు.

1993లో ఉమ్మడి మార్కెట్ వచ్చి కస్టమ్స్ పోస్టులను అనవసరం చేసింది. 1998 ఏప్రిల్ 10న గుడ్‌ఫ్రైడే ఒప్పందం కుదిరి తుపాకులను దించింది. ఆ ఒప్పందం ప్రకారం ఇక్కడ పుట్టినవాళ్లు తాము బ్రిటిషు వాళ్లమనుకోవచ్చు, ఐరిష్ వాళ్లమనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. అలా అనుకోవడం సాధ్యమైంది గీత కంటికి కనపడకుండా పోవడం వల్లనే. నేను వచ్చేసరికి బురుజులు లేవు. పాల లారీలు ఆగకుండా దాటుతుండేవి. ఉత్తరాన పితికిన పాలలో దాదాపు మూడో వంతు దక్షిణాన ఫ్యాక్టరీలకు పోతాయి. ఆవుకు తన మేత ఏ దేశానిదో తెలియదు, దాని పాలు వెన్నయ్యేది ఏ దేశంలోనో తెలియదు.

ఇప్పుడు 2016 ఓటు తర్వాత మూడు వాగ్దానాలు ఒకేసారి వినపడ్డాయి. బ్రిటన్ ఉమ్మడి మార్కెట్ నుంచీ, బయటి సరుకు మీద అందరూ ఒకే సుంకం వేసే కస్టమ్స్ యూనియన్ నుంచీ బయటకు వస్తుంది. ఐర్లండ్‌లో గీత మీద తనిఖీలుండవు. ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య ఏ తేడా రాదు. ఈ మూడింటిలో ఏ రెండైనా దక్కుతాయి, మూడూ దక్కవు. నిబంధనలు వేరైతే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు పెట్టె తెరిచి చూడాలి. అప్పటి ప్రధాని థెరిసా మే ఈ చిక్కును ఒప్పుకుని, మొదటి వాగ్దానాన్ని కొంత సడలించబోయారు. 2019 జనవరి 15న పార్లమెంటు 432-202 ఓట్లతో ఆమె ఒప్పందాన్ని తిప్పికొట్టింది. ఆ తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ మూడో వాగ్దానాన్ని వదిలేశారు, కానీ వదిలేశానని చెప్పలేదు. 2019 నవంబరులో ఇక్కడి వ్యాపారులతో మాట్లాడుతూ, ఎవరైనా ఫారాలు నింపమంటే చెత్తబుట్టలో వేయండి అన్నారు. 2021 జనవరి నుంచి నేను నింపుతున్నవి ఆ ఫారాలే.

సరిహద్దు పోలేదు. నేల మీద నుంచి లేచి సముద్రంలో కూర్చుంది. స్కాట్లండ్‌లో కెయిర్న్‌రయన్ రేవులో ఓడెక్కి ఇక్కడి లార్న్ రేవులో దిగే సరుకు, ఒకే దేశంలో ఒక ఊరి నుంచి మరో ఊరికి వస్తున్న సరుకు, డిక్లరేషను లేకుండా కదలడానికి వీల్లేదు.

మా గోదాము చిన్నది. పప్పులు, బియ్యం, పిండ్లు, నెయ్యి, పన్నీరు, ఐస్‌క్రీం. ఇంగ్లండ్‌లోని టోకు వ్యాపారుల దగ్గర తెప్పించి ఇక్కడి దుకాణాలకు వేస్తాం. ఒకప్పుడు సోమవారం ఫోను చేస్తే బుధవారం లారీ వచ్చేది. ఇప్పుడు లారీలో ఉన్న ప్రతి రకానికీ ఒక కోడు రాయాలి. మిశ్రమ లోడులో ఒక్క వస్తువు కాగితం తప్పినా లారీ మొత్తం ఆగుతుంది. అన్నిటికంటే చిత్రం ఇది: మేం న్యూరీలో దుకాణానికీ వేస్తాం, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న డండాక్ దుకాణానికీ వేస్తాం. డండాక్ అంటే ఐర్లండ్ రిపబ్లిక్, అంటే ఐరోపా సమాఖ్య. 2023 ఫిబ్రవరిలో కుదిరిన విండ్సర్ ఫ్రేమ్‌వర్క్ ప్రకారం ఉత్తర ఐర్లండ్‌లోనే అమ్ముడయ్యే సరుకు ఆకుపచ్చ దారిలో వస్తుంది, కాగితాలు తక్కువ. సమాఖ్యలోకి పోయే అవకాశం ఉన్న సరుకు ఎర్ర దారిలో రావాలి, పూర్తి తనిఖీ. అంటే ఓడ ఎక్కకముందే, ఈ బస్తా ఏ ఊరి అక్కయ్య వంటింట్లోకి పోతుందో నేను చెప్పగలగాలి. గోదాములో ఒకే అరలో పక్కపక్కన ఉండాల్సిన డబ్బాలు ఇప్పుడు రెండు గోడల దగ్గర ఉంటాయి.

పోయినవారం మా ఇంట్లో పన్నీరు ప్యాకెట్టు కత్తిరిస్తుంటే మా చిన్నది అడిగింది, "అమ్మా, దీని మీద ఈయూకు కాదు అని ఎందుకు రాశారు?" అని. 2023 అక్టోబరులో మాంసంతో, తాజా పాలతో మొదలైన ఆ ముద్ర 2024 అక్టోబరు నుంచి మిగతా పాల పదార్థాలకూ వచ్చింది. ఇది మా ఊరు దాటి డండాక్ పోకూడదని రాశారమ్మా అన్నాను. వాళ్ల స్నేహితురాలి ఇల్లు డండాక్‌లో. "మరి పుట్టినరోజుకు మనం పన్నీరు కూర వండి తీసుకెళ్లకూడదా?" అంది. తీసుకెళ్లొచ్చు, ఎవరూ ఆపరు అన్నాను. ఆపనిదానికి ముద్ర ఎందుకని దాని తర్వాతి ప్రశ్న. ఎనిమిదేళ్ల పిల్లకు ఎనిమిదేళ్ల చర్చలను నేను వివరించలేకపోయాను.

మా కష్టం కాగితాల కష్టమే. దానికంటే పెద్ద కష్టం ఈ ఊళ్లలో బ్రిటన్‌ను ప్రాణంగా చూసుకునే మనుషులది. బర్మింగ్‌హామ్ భోజనాల్లో వాళ్ల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా వీధి చివర ఒక ముసలమ్మ ఇంటి ముందు ఎప్పుడూ యూనియన్ జెండా ఉంటుంది. ఇంగ్లండ్‌లో విత్తనాల కంపెనీ ఆమెకు పూల మొక్కలు పంపడం మానేసిందని చెప్పినప్పుడు ఆమె గొంతు వణికింది. ఆ వణుకు పూల కోసం కాదు. తన దేశమే తనను పరాయిదాన్ని చేసిందన్న బాధ. ఆ బాధ వీధికెక్కింది కూడా. 2021 ఫిబ్రవరిలో బెదిరింపుల వల్ల రేవుల్లో తనిఖీ సిబ్బందిని కొద్దిరోజులు వెనక్కి పిలిచారు, ఏప్రిల్‌లో బెల్‌ఫాస్ట్‌లో బస్సు తగలబెట్టారు. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్‌తోనే ఉండాలనే పార్టీ డీయూపీ ఇదే కారణంతో ఇక్కడి ప్రభుత్వం నుంచి తప్పుకుంటే రెండేళ్లపాటు పూర్తి ప్రభుత్వం ఏర్పడలేదు. జీతాల పెంపు మీద సంతకం పెట్టే మంత్రి లేక 2024 జనవరిలో నర్సులు గడ్డకట్టే చలిలో సమ్మె చేశారు. మన తెలుగు నర్సులూ, కేరళ నర్సులూ ఆ వరసలో నిలబడ్డారు. లండన్‌లో ఎవరో నిబంధనల స్వేచ్ఛ కోరుకున్నందుకు బెల్‌ఫాస్ట్ ఆసుపత్రిలో నర్సు జీతం పెంపు ఆగింది. ఈ దారం ఎంత పొడుగ్గా ఉందో చూడండి.

గీత నిలబడితే ఎలా ఉంటుందో నాకు ఇంకో రకంగా కూడా తెలుసు. ఇది బ్రెగ్జిట్ వల్ల వచ్చింది కాదు, అంతకుముందూ ఉంది. బ్రిటిషు, ఐరిష్ పౌరులు దక్షిణానికి మామూలుగా వెళ్లిరావచ్చు. భారత పాస్‌పోర్టున్నవాళ్లకు ఐర్లండ్ వీసా విడిగా కావాలి. నేను పౌరసత్వం తీసుకోకముందు ఒకసారి బస్సులో డబ్లిన్ వెళుతుంటే డండాక్ దాటాక బస్సు ఆపి ఇద్దరు అధికారులు ఎక్కారు. ముందువరసలను చూసీ చూడనట్టు దాటి నేరుగా నా దగ్గరకు వచ్చారు. నాకు వీసా ఉంది. నా వెనక సీటులో ఖమ్మం అబ్బాయి, బెల్‌ఫాస్ట్‌లో ఎమ్మెస్సీ చదవడానికి కొత్తగా వచ్చినవాడు. గేటు లేదు, బోర్డు లేదు, దేశం మారిందని అతనికి తెలియదు. సంచి తీసుకుని దిగమన్నారు. అద్దంలోంచి అతను నావైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. పదిమంది ఆగకుండా దాటే గీత పదకొండోవాడికి గోడ కాగలదు. ఆ గోడను ఎవరి కోసం కడుతున్నారో కట్టేముందు అడగాలని అప్పుడే అనిపించింది.

తెలుగువాళ్లకు ఇది కొత్త కాదు కదా. 2021 మే నెలలో, కొవిడ్ రెండో విడతలో, కర్నూలు దాటి హైదరాబాద్ ఆసుపత్రులకు బయలుదేరిన అంబులెన్సులను పుల్లూరు దగ్గర ఆపేశారు. అంతకు ఏడేళ్ల ముందుదాకా అది ఒకే రాష్ట్రంలోని రోడ్డు. మామూలు రోజుల్లో కనపడని గీత కష్టకాలంలోనే లేచి నిలబడుతుంది.

ఇప్పుడు మిమ్మల్ని అడగదలచుకున్నవి చెబుతాను. 2029 ఆగస్టులోపు సాధారణ ఎన్నికలు రావాలి. "బ్రెగ్జిట్ సగంలో ఆగింది, పూర్తి చేస్తాం" అనేవాళ్లు మీ గుమ్మం తొక్కుతారు, మన పండుగలకు కూడా వచ్చి శాలువాలు కప్పించుకుంటారు. వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: పూర్తి చేశాక సరిహద్దు ఎక్కడ పెడతారు? మా రోడ్డు మీదా, సముద్రంలోనా? టెక్నాలజీ చూసుకుంటుంది అంటే, ఏ టెక్నాలజీ, ఇప్పుడు ఎక్కడ పనిచేస్తోంది అని అడగండి. ఐరోపా మానవ హక్కుల ఒప్పందం నుంచి కూడా బయటకు వస్తామంటే, గుడ్‌ఫ్రైడే ఒప్పందంలో ఆ హక్కుల మాట రాసి ఉంది, దాన్ని ఏం చేస్తారని అడగండి. జవాబు చెప్పలేకపోతే వాళ్లకు ఆ ప్రశ్న ముందు తట్టలేదని అర్థం. 2016లోనూ తట్టలేదు.

రెండోది. 2025 మే 19న లండన్‌లో బ్రిటన్, సమాఖ్య ఒక మాటకు వచ్చాయి. ఆహారం, మొక్కలు, పశువుల సరుకుకు ఉమ్మడి నిబంధనలు పాటించే ఒప్పందం చేసుకుంటామన్నాయి. అది సవ్యంగా జరిగితే సముద్రంలో తనిఖీల్లో చాలా భాగం పోతుంది. దానికి బదులుగా ఆ విషయాల్లో బ్రిటన్ ఐరోపా నిబంధనలను అనుసరించాలి, చేపల వేటకు ఐరోపా పడవలకు ఇచ్చిన వీలును 2038 దాకా పొడిగించాలి. "ఇది లొంగిపోవడమే" అని గోల మొదలైంది. స్కాట్లండ్ జాలరుల కోపాన్ని నేను తేలిక చేయను, వాళ్లకిచ్చిన మాట తప్పారు. కానీ మీ పార్లమెంటు సభ్యుడికి ఉత్తరం రాసేటప్పుడు, పాల డబ్బా మీద ఎవరి నిబంధన ఉందనేది సార్వభౌమత్వమా, ఇంటి ముందు జెండా ఉన్న ముసలమ్మకు పూల మొక్క చేరడం సార్వభౌమత్వమా అని రాయండి. మీరు 2016లో ఏ గడిలో గుర్తు పెట్టినా సరే, ఇది రాయవచ్చు.

తిరిగి చేరిపోదాం అనేవాళ్ల మాటా నేను తేలిగ్గా ఒప్పుకోను. సమాఖ్యకు కట్టే చందాలో పాత రాయితీ మళ్లీ ఇస్తారన్న నమ్మకం లేదు, యూరో సంగతి అడుగుతారు, 27 దేశాలూ ఒప్పుకోవాలి. పదేళ్ల తగాదాను ఇంకో పదేళ్లు చేసే ఓపిక ఈ ఊళ్లకు లేదు. నాకు కావలసింది చాలా చిన్నది. లారీ ఆగకూడదు. బస్తా ఏ ఊరిదో నన్ను అడగకూడదు. 2024 డిసెంబరు 10న మా అసెంబ్లీ ఈ విండ్సర్ ఏర్పాటును కొనసాగించడానికి 48-36 ఓట్లతో ఒప్పుకుంది. ఆ 36 మందిలో ప్రతి ఒక్కరూ యూనియనిస్టు వైపువాళ్లే, అంటే బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లే. ఆ అంకె నన్ను కలవరపెడుతుంది. ఒక వర్గమంతా కాదన్నదాని మీద శాంతి ఎన్నాళ్లు నిలుస్తుంది?

బావగారూ, ఆ రోజు మీ ఇంట్లో మాట్లాడిన అన్నయ్యగారూ, మీరంతా ఒకసారి మా ఊరు రండి. పాస్‌పోర్టులు మరిచిపోకండి, మనలో కొందరికి అవి ఇప్పటికీ అవసరం. మా ఇంట్లో భోంచేసి కారులో దక్షిణం వైపు వెళదాం. కుడివైపు స్లీవ్ గలియన్ కొండ కనిపిస్తుంది, ఒకప్పుడు ఈ చుట్టుపక్కల కొండల మీద బురుజులుండేవి. పది నిమిషాలయ్యాక మీ ఫోను ఒకసారి మోగి, ఐర్లండ్‌కు స్వాగతం అంటుంది. రోడ్డు పక్క తెల్లగీత పసుపు గీత అవుతుంది, బోర్డుల మీద మైళ్లు కిలోమీటర్లవుతాయి. అంతకుమించి ఏమీ జరగదు. మా చిన్నది వెనకసీట్లో కూర్చుని పన్నీరు కూర గిన్నె ఒళ్లో పెట్టుకుని ఉంటుంది.

ఇట్లు,
న్యూరీ నుంచి,
గుంటూరు మిర్చి వ్యాపారి కూతురు